ట్రైసైక్లిక్ లెవెల్స్: ట్యూబ్ నుంచే జాగ్రత్త
అందరికీ నమస్కారం. డిప్రెషన్‌కి వాడే ట్రైసైక్లిక్ మందులు అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్ రక్తంలో ఎంత ఉన్నాయో చూసే పరీక్షకి జెల్ ట్యూబ్‌లో రక్తం తీయొద్దండి. జెల్ మందును పీల్చుకుంటుంది, రిజల్ట్ తక్కువ చూపిస్తుంది, అది నమ్మి డాక్టరు డోసు పెంచితే పేషెంట్ గుండెకే ముప్పు. ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం) ట్యూబ్ వాడండి. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు తీసి, ఆ టైం ఫారం మీద రాయండి.

ప్లాస్మాని పాలీప్రొపిలీన్ గొట్టాల్లోనే ఉంచండి, గాజుకు ఈ మందులు అంటుకుపోతాయి. ప్లాస్మాలోంచి మందును బయటికి లాగే ద్రావకం హెక్సేన్‌లో 1–2 శాతం ఐసోఅమైల్ ఆల్కహాల్ కలిపేదీ అలా అంటుకోకుండా ఉండటానికే. ముందు ప్లాస్మా పీహెచ్ 10 దాటించాలి, లేదంటే మందు పూర్తిగా హెక్సేన్‌లోకి రాదు.

హెచ్‌పీఎల్‌సీ (మందును విడదీసి కొలిచే యంత్రం) గ్రాఫ్‌లో మందు పీక్‌కి తోక సాగుతోందా? మొబైల్ ఫేజ్‌లో, అంటే యంత్రం గుండా పారే ద్రావకంలో, ట్రైఇథైలమైన్ పడిందో లేదో చూడండి.

క్లోమిప్రమిన్ ఇంటర్నల్ స్టాండర్డ్ (కొలతకు పోలికగా ప్రతి శాంపిల్‌లో మనం కలిపే మందు) అయితే, పేషెంట్ అదే మందు వాడటం లేదని చీటీ చూశాకే ఇంజెక్ట్ చేయండి.