పేరులో వేపుడు, పనిలో ఓవెన్

సంపాదకుల వారికి,

అయ్యా,

ఎయిర్ ఫ్రైయర్ కొన్నాక ఇక ఓవెన్‌తో పనేముందన్న ధోరణిలో ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో చెప్పిన సౌకర్యాలు చాలావరకు నిజమే. ఆరేళ్లుగా రెండూ వాడుతున్నదాన్ని కనుక వాటిని కాదనను. అయితే రెండూ వేర్వేరు జాతుల యంత్రాలన్నట్టు పోల్చడం దగ్గరే వ్యాసం తడబడిందని నా అభిప్రాయం. ఎయిర్ ఫ్రైయర్ దేన్నీ వేయించదు. పైన వేడెక్కే కాయిల్, దాని మీద ఫ్యాను, కింద చిల్లుల బుట్ట, అంతకుమించి లోపల ఏమీ లేదు. అది వేడిగాలిని వేగంగా తిప్పే చిన్న ఓవెన్ మాత్రమే. ఫిలిప్స్ సంస్థ 2010లో ఎయిర్‌ఫ్రైయర్ అన్న పేరుతో దాన్ని అమ్మకానికి పెట్టింది కానీ, విమానాల్లో గడ్డకట్టిన భోజనాన్ని వేడిచేయడానికి అమెరికాలో విలియం మాక్సన్ అనే ఆయన 1940ల్లోనే ఫ్యాను ఉన్న ఓవెన్ తయారుచేశారు. కొత్తగా వచ్చింది సూత్రం కాదు, చిన్న పరిమాణమూ ఆ ఆకర్షణీయమైన పేరూను.

ఫ్యాను చేసే పని ఏమిటో తెలిస్తే తక్కిన తగవు సగం తీరుతుంది. గాలి కదలని ఓవెన్‌లో ప్రతి ముక్క చుట్టూ కాస్త చల్లగా, తేమగా ఉండే పలుచని గాలిపొర ఒకటి పేరుకుని, వేడిని లోపలికి చొరనివ్వకుండా అడ్డుపడుతుంది. తాడు మీద ఆరేసిన తడిబట్ట గాలి వీచినప్పుడు ఎలా చప్పున ఆరుతుందో, ఫ్యాను ఆ పొరను చెదరగొట్టగానే ముక్క పైభాగం అలాగే ఆరిపోతుంది. పైన తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటడం కష్టం. తడి పోయాక, 140 డిగ్రీల ప్రాంతానికి చేరినప్పుడు, ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ 1912లో వివరించిన చర్య జోరందుకుని బంగారు రంగూ కమ్మటి వాసనా వస్తాయి. బంగాళాదుంప ముక్కలు ఎయిర్ ఫ్రైయర్‌లో త్వరగా కరకరలాడడానికి కారణం ఇదే. మీ ఇంటి ఓవెన్‌లో కూడా ఫ్యాను ఉంటే (చాలామంది ఆ మీట వైపు చూడనే చూడరు) ముక్కలను జాలీ మీద దూరదూరంగా పరిచి చూడండి, తేడా అనుకున్నంత ఉండదు.

నూనె మూకుడు సంగతి వేరు. గాలి కంటే నూనె ఎన్నో రెట్లు చురుగ్గా, అన్ని వైపుల నుంచీ ఒకేసారి వేడిని అందిస్తుంది కనుక జారుపిండి అందులో పడిన క్షణంలోనే బిగుసుకుంటుంది. పేరు నమ్మి ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల మొదటి వారంలోనే నాకు బుద్ధి వచ్చింది. కూరగాయ ముక్కలను జారుపిండిలో ముంచి బుట్టలో పేర్చి, ఎనిమిది నిమిషాల తర్వాత తీసి చూస్తే, పిండంతా చిల్లుల్లోంచి కారిపోయి అడుగున అట్టలా గట్టిపడింది. ముక్కలు మాత్రం పైన తెల్లబోయి కూర్చున్నాయి. ఆ అట్టను నానబెట్టి గీకడానికి పట్టిన సమయంలో మూకుడులో రెండు వాయిలు తీసేదాన్ని. పొడిగా అద్దిన రొట్టెపొడి అయితే ఈ యంత్రంలో చక్కగా నిలుస్తుంది.

అసలు తేల్చుకోవలసింది ఎంతమందికి వండుతున్నామన్నది. నాలుగైదు లీటర్ల బుట్టలో ఒకే వరుసగా పరిస్తే ఇద్దరికి సరిపడా పడుతుంది. ఒకదాని మీద ఒకటి పోస్తే గాలి ఆడక ముక్కలు వేగవు, ఆవిరికి ఉడుకుతాయి. ఆరుగురికి కావాలంటే మూడు వాయిలు పెట్టాలి, మూడోది వచ్చేసరికి మొదటిది మెత్తబడుతుంది. కరెంటు లెక్క కూడా ఇక్కడే తిరగబడుతుంది. 1500 వాట్ల ఎయిర్ ఫ్రైయర్ 20 నిమిషాలు ఆగకుండా నడిస్తే అర యూనిట్ ఖర్చు. 2400 వాట్ల ఓవెన్ ముందుగా వేడెక్కడానికి 12 నిమిషాలు తీసుకుంటే, ముక్క లోపలికి వెళ్లకముందే దాదాపు అంతే ఖర్చవుతుంది. అందువల్ల ఒకరిద్దరికి వండేటప్పుడు ఓవెన్ వెలిగించడం దండగే. కానీ ఒకసారి వేడెక్కాక ఓవెన్ కాయిల్ ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కనుక, రెండు ట్రేలు నింపి ఒకేసారి పెట్టేవారికి మూడు వాయిల ఎయిర్ ఫ్రైయర్ వల్ల మిగిలేది పెద్దగా ఉండదు, పైగా ప్రతి వాయికీ పక్కన నిలబడాలి.

కేకు, రొట్టె విషయంలో నేను ఓవెన్ పక్షమే. ఎయిర్ ఫ్రైయర్‌లో కాయిల్ మరీ దగ్గరగా ఉండడంతో కేకు నడిమి భాగం ఉడకకముందే పైభాగం నల్లబడి పగులుతుంది. రొట్టె పొంగడానికి మొదటి నిమిషాల్లో ఆవిరి కావాలి, ఫ్యాను దాన్ని నిలవనివ్వదు. బరువు పెట్టకుండా కాగితం పరిస్తే అది లేచి కాయిల్‌కు తగిలి అంటుకునే ప్రమాదమూ ఉంది.

ఎయిర్ ఫ్రైయర్ వంట ఆరోగ్యానికి మేలన్నట్టు వ్యాసంలో రాసినది కొంత సరిదిద్దాలి. గ్రాము నూనెకు 9 కేలరీలు కనుక, మూకుడు వేపుడుతో పోలిస్తే లాభం ఉన్న మాట వాస్తవం. ఓవెన్‌తో పోలిస్తే మాత్రం ఆ లాభం లేదు, ఎందుకంటే రెండింటిలోనూ పట్టేది అదే చెంచాడు నూనె. పిండిపదార్థాలు 120 డిగ్రీలు దాటి వేగినప్పుడు అక్రిలమైడ్ అనే, ఆరోగ్యానికి హాని చేయవచ్చని అనుమానించే రసాయనం ఏర్పడుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో వెల్లడించారు. అది ఏ యంత్రమని చూడదు, ఎంత మాడిందని చూస్తుంది. తరిగిన బంగాళాదుంపలను అరగంట నీళ్లలో నానబెట్టి, తడి తుడిచి, లేత బంగారు రంగులోనే దించితే రెండింటిలోనూ దాన్ని తగ్గించవచ్చు.

చివరగా మీ వంటల పేజీకి ఒక విన్నపం. ‘180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు’ అని మాత్రమే వేస్తున్నారు. ఫ్యాను లేని ఓవెన్‌కు రాసిన వేడిని ఫ్యాను ఉన్నదానికి 20 డిగ్రీల మేర తగ్గించుకోవాలి, ఎయిర్ ఫ్రైయర్‌లో సమయం కూడా తగ్గుతుంది. ఏ యంత్రంలో చేసి చూసి రాశారో, ఎంతమందికి సరిపోయే కొలతో వంటకం పక్కనే ఒక్క వరుసలో ప్రచురిస్తే, మాడిన ట్రేలు తోముకునే పని మాలాంటి పాఠకులకు కొంతైనా తప్పుతుంది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు