గద్దెకు కాపలా ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

పశ్చిమ ఆఫ్రికాలో ఫ్రాన్స్‌ను వెళ్లగొట్టిన సైనిక పాలకులను వీరులుగా చూపే వీడియోలు మన కుర్రాళ్ల ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. ఫ్రాన్స్ మీద అక్కడి జనం కోపం న్యాయమైనదే. 2019 ఫిబ్రవరిలో ఆ పక్కనే మధ్య ఆఫ్రికాలో ఉన్న చాద్‌ దేశాధ్యక్షుడు ఇద్రిస్ దేబీని దించడానికి తిరుగుబాటుదారులు వాహనాల్లో బయల్దేరితే, ఫ్రెంచి యుద్ధవిమానాలు బాంబులు వేసి ఆయన్ను కాపాడాయి. అప్పటికే ఆయన 28 ఏళ్లుగా గద్దె మీద ఉన్నాడు. కానీ ఒక కాపలాదారును పంపేసి ఇంకొకరిని తెచ్చుకుంటే స్వాతంత్ర్యం వచ్చినట్టేనా?

మాలీనే చూడండి. 2020లో, మళ్లీ 2021లో సైన్యం తిరుగుబాటు చేసింది. 2022 ఫిబ్రవరిలో ఎన్నికలు పెడతామని మాటిచ్చింది. ఆ గడువు ముంచుకొస్తుండగా, 2021 చివర్లో, రష్యా నుంచి వాగ్నర్ కిరాయి సైనికులు దిగారు. ఎన్నికలు జరగలేదు. పొరుగు దేశాలు ఆంక్షలు పెట్టినా మాలీ సైనిక పాలకుడు అసిమీ గోయితా లెక్కచేయలేదు. 2023లో బుర్కినా ఫాసో, నైజర్ సైనిక పాలకులతో కలిసి రక్షణ కూటమి కూడా కట్టాడు. మరుసటి ఏడాది బుర్కినా పాలకులను విమర్శించిన కార్యక్రమాన్ని ప్రసారం చేసిందని మాలీలో జోలిబా టీవీ లైసెన్సు రద్దు చేశారు. 2025 మేలో పార్టీలన్నిటినీ రద్దు చేశారు. జులైలో గోయితాకు ఓటు ఊసే లేకుండా ఐదేళ్ల పదవి దక్కింది, కావాలంటే పొడిగించుకోవచ్చు కూడా.

మరి జనానికి ఏం ఒరిగింది? 2022 మార్చిలో మౌరా గ్రామంలో మాలీ సైన్యం, విదేశీ సైనికులు కలిసి కనీసం 500 మందిని చంపారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నివేదించింది. 2025 సెప్టెంబరు నుంచి జిహాదీలు ఇంధన ట్యాంకర్లను దారికాచి తగలబెడుతుంటే రాజధాని బమాకోలో బంకుల ముందు బారులు తీరాల్సి వచ్చింది. అక్టోబరు చివర దేశమంతటా బడులు మూసేశారు. రష్యా సైనికులు ఉండగానే ఇదంతా జరిగింది.

మా సీమవాళ్లకు ఈ బేరం తెలియనిది కాదు. 1798లో నిజాం తన రక్షణకు ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని తెచ్చిపెట్టుకున్నాడు. దాని ఖర్చు కింద 1800లో బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. ఇక్కడి రైతును అడిగిన నాథుడు లేడు. నిజాముల గద్దె మాత్రం 1948 దాకా చెక్కుచెదరలేదు. బలం బయటినుంచి వచ్చే పాలకుడికి సొంత జనాన్ని ఒప్పించాల్సిన పని ఉండదు. నాకు భయం కలిగించేది అదే.

2025 జులై 1న మాలీలోని కాయెలో సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు భారతీయులను సాయుధులు ఎత్తుకెళ్లారు. అలాంటి చోట్లకు మనవాళ్లను పనికి తీసుకెళ్లే కంపెనీలు, ఏజెంట్లు అక్కడి పరిస్థితిని ముందే చెప్పి తీరాలని విదేశాంగ శాఖ కట్టడి చేయాలి. గోయితా పాలనలో నోరు మూయించిన మాలీ పాత్రికేయులు, రద్దయిన పార్టీల నాయకులు ఏమంటున్నారో మీ పత్రిక వరుసగా ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, అనంతపురం