‘బ్రేకులు ఫెయిలై’ అని రాసి వదిలేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఘాట్ రోడ్డులో ప్రమాదం వార్త వచ్చిందంటే అందులో ఒక మాట తప్పకుండా ఉంటుంది, బ్రేకులు ఫెయిల్ కావడంతో వాహనం అదుపు తప్పింది అని. మీ పేపరనే కాదు, అన్నిట్లోనూ అంతే. ఆ మాటతో వార్త అయిపోతుంది, చదివినవాళ్లు అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేస్తారు, అదేదో పిడుగు పడ్డట్టు చెప్పాపెట్టకుండా జరిగిపోయిందని. నేను బెంగళూరు కె.ఆర్.పురంలో చిన్న మెకానిక్ షెడ్డు నడుపుతాను. మాది మదనపల్లె. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే, మారతహళ్లి, హూడి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్లు, బండ్లు కూడా ఎక్కువగా పాత స్కార్పియోలు, బొలెరోలు, సఫారీలు. వీటిని విప్పి చూసేవాడిగా చెప్తున్నాను, బ్రేకులు ఉన్నట్టుండి ఫెయిలవడం చాలా అరుదు. నెలల తరబడి ఏదో ఒక రకంగా చెప్తూనే ఉంటాయి.

చిక్కేమిటంటే బెంగళూరు ట్రాఫిక్‌లో ఆ సంగతి తెలియదు. సిల్క్ బోర్డు దగ్గరో టిన్ ఫ్యాక్టరీ దగ్గరో బండి ఇరవై స్పీడు అందుకుంటే అదే ఎక్కువ, ఆ స్పీడులో సగం పాడైన బ్రేకు కూడా బండిని ఆపేస్తుంది. వారమంతా అలా తిరిగి శుక్రవారం రాత్రి పిల్లల్ని, పెద్దవాళ్లను, లగేజీని ఎక్కించుకుని తిరుపతికి బయల్దేరతారు. ములబాగల్ దాటి పలమనేరు దాటితే మొగిలి ఘాట్, దర్శనం అయ్యాక తిరుమల నుంచి దిగే ఘాట్. మనుషులతో కలిపి రెండు టన్నులు దాటిన బండిని మలుపు మలుపుకూ ఆపుకుంటూ దిగాలి. బ్రేకులకు అసలు పని పడేది అప్పుడే.

అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం బ్రేక్ ఆయిల్ మీద. ఇంజన్ ఆయిల్ గురించి ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు, వాళ్లే కిలోమీటర్లు లెక్కేసుకుని వస్తారు. బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నేళ్లయింది సార్ అంటే మాత్రం, తగ్గినప్పుడల్లా పోయిస్తున్నాం కదా అంటారు. పోయడం వేరు, మార్చడం వేరు. పెడల్ తొక్కిన బలాన్ని చక్రాల దాకా మోసేది ఈ ఆయిలే. ఈ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, మూత బిగించి ఉన్నా సరే, ఏళ్ల మీద కొంచెం కొంచెంగా నీరు చేరుతూనే ఉంటుంది. దీంట్లో డాట్ 3, డాట్ 4 అని రకాలుంటాయి. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీలలోపు మరగకూడదు, డాట్ 4 అయితే 230 లోపు మరగకూడదు అని ప్రమాణం. నీరు చేరిన ఆయిల్‌కు ఆ హద్దు 140కి, 155కి పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు కాలు పెడల్ మీదే పెట్టి దిగితే చక్రంతో తిరిగే డిస్కు వందల డిగ్రీలు వేడెక్కుతుంది, ఆ వేడి డిస్కును పట్టుకునే ప్యాడ్ గుండా, ప్యాడ్‌ను నొక్కే కాలిపర్‌లోకి, అక్కణ్నుంచి ఆయిల్‌లోకి ఎక్కుతుంది. ఆయిల్లో ఉన్న నీరు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌ను ఎంత నొక్కినా నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే పెడల్ మెత్తగా కిందిదాకా పోతుంది, బండి మాత్రం ఆగదు.

దీంట్లోనే డ్రైవర్లకు ఒక అన్యాయం జరుగుతోంది, అది మీ విలేకరులకు తెలియాలి. బండి చల్లారాక ఆ బుడగలు పోయి పెడల్ మళ్లీ గట్టిపడుతుంది. తర్వాత వచ్చి కాలు పెట్టి చూసినవాళ్లు, బ్రేకులు బాగానే ఉన్నాయి కదా, వీడే నిద్రపోయి ఉంటాడు అంటారు. అలా మాటపడ్డ ట్యాక్సీ డ్రైవర్లు నాకు తెలుసు. బ్రేకు ఫెయిలైందని ఎవరైనా చెప్పినప్పుడు ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఏ గేర్‌లో దిగుతున్నారు, పెడల్ లోపలికి పోయిందా లేక గట్టిగా ఉండి కూడా బండి ఆగలేదా అని మూడు ప్రశ్నలు అడిగితే చాలా సంగతులు బయటపడతాయి. పెడల్ గట్టిగా ఉండి, కాలి బలాన్ని పెంచే బూస్టర్ పనిచేస్తూ కూడా బండి ఆగలేదంటే సాధారణంగా ప్యాడ్లు కాలి పట్టు తప్పాయని. రెండింటికీ కారణాలు వేరు.

ప్యాడ్ల సంగతి. ఈ మధ్య ఒక పాత స్కార్పియో వచ్చింది, బ్రేకేస్తే ఎడమవైపు లాగుతోందని. ప్యాడ్లు వేరేచోట మార్పించి ఎంతో కాలం కాలేదట. కుడివైపు చక్రం విప్పాం. బయటి ప్యాడ్ దాదాపు కొత్తదిలాగే ఉంది. లోపలి ప్యాడ్‌కు లైనింగ్ అన్నదే లేదు, వెనకున్న ఇనుప రేకు డిస్కుకు రాసుకుని డిస్కు మీద వేలిగోరు దిగేంత గాడి పడింది. కాలిపర్ జారే పిన్నులు చేత్తో లాగితే రావాలి, ఇవి సుత్తి దెబ్బలకు గానీ కదల్లేదు, రబ్బరు బూటు చిరిగి నీళ్లు పోయి తుప్పుపట్టాయి. ప్యాడ్లు మార్చినవాళ్లు ఆ పిన్నుల జోలికే పోలేదు. పాత ప్యాడ్ తీయడం, కొత్తది దోపడం, అరగంటలో పని అయిపోవడం, ఇదే చాలాచోట్ల నడుస్తున్న పద్ధతి. కొందరు ఆ పిన్నులకు మామూలు గ్రీజు పూస్తారు, దాంతో రబ్బరు ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. దానికి సిలికాన్ గ్రీజే వాడాలి. బండి ఇచ్చేటప్పుడే పిన్నులు తీసి శుభ్రం చేయమని, లోపలి ప్యాడ్ కూడా చూపించమని అడగండి. లైనింగ్ మూడు మిల్లీమీటర్లకు వస్తే మార్చేయాలి. డిస్కు ఎంత పలచబడితే మార్చాలో చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది, ఆ అంకె కంటే తగ్గేలా ఉంటే స్కిమ్మింగ్ (డిస్కును చెక్కి నునుపు చేయడం) చేయించి వాడుకుందాం అనే ఆలోచన మానేయాలి.

పదేళ్లు దాటిన బండికి చక్రాల దగ్గరున్న రబ్బరు హోస్ పైపులు కూడా మార్చడం మంచిది. పైకి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది, కాలు తీసినా ఆ చక్రం పట్టేసే ఉంటుంది. నాలుగు చక్రాల్లో ఒకటే బాగా వేడిగా ఉందంటే, కాలిన వాసన వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నీ కాలిపర్‌నీ. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములను ఎవరూ విప్పరు, లోపల లైనర్లను నొక్కే వీల్ సిలిండర్ కారి ఆ లైనర్లు ఆయిల్‌తో తడిసినా తెలియదు. హ్యాండ్ బ్రేక్ లివర్ బాగా పైకి వస్తోందంటే కేబుల్ బిగించేసి పంపడం కాదు, డ్రమ్ము తీసి చూడాలి.

ఇంకొకటి, దయచేసి దీన్ని పెద్ద అక్షరాల్లో వేయండి. ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. డీజిల్ బండిలో బ్రేక్ బూస్టర్‌కు కావాల్సిన వాక్యూమ్‌ను ఇచ్చే పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది. ఇంజన్ ఆపాక రెండు మూడుసార్లు పెడల్ తొక్కితే ఉన్న వాక్యూమ్ అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా అవుతుంది, స్టీరింగ్ కూడా బిగుస్తుంది. సెకండ్ గేర్‌లో దిగితే బండిని సగం ఇంజనే పట్టుకుంటుంది. తిరుమల దిగేటప్పుడు ఇంత సమయం కంటే ముందు కిందికి చేరకూడదని పెట్టింది ఊరికే కాదు. ఎప్పుడైనా పెడల్ లోపలికి పోతే ఇంజన్ ఆపకుండా, పెడల్‌ను గబగబా తొక్కుతూ, గేర్లు ఒక్కొక్కటీ తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేక్‌ను మెల్లమెల్లగా లాగాలి.

సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఇస్తారు, ఆ తర్వాత ఐదేళ్లకొకసారి రెన్యువల్. ట్యాక్సీకైతే ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చూపించాలి, అదే బండి తెల్లబోర్డుతో ఉంటే 15 ఏళ్లు బ్రేకు ఎలా ఉందని అడిగే నాథుడు లేడు. ఆ ఘాట్‌లోనే అది కూడా దిగుతోంది కదా. కనీసం పదేళ్లు దాటిన సొంత బండ్లకు చక్రాలను రోలర్ల మీద తిప్పి పట్టు కొలిచే బ్రేక్ టెస్ట్ పెట్టాలని నా అభిప్రాయం. దీనివల్ల బండి ఉన్నవాళ్లకు ఖర్చు, తిప్పలు పెరుగుతాయని తెలుసు, అయినా పెట్టాల్సిందే.

స్పేర్ పార్టుల కోసం జేసీ రోడ్డుకు వెళ్లేవాళ్లు బిల్లు తీసుకోండి, బిల్లు లేకుండా సగం ధరకు వచ్చే ప్యాడ్లు వద్దు. బ్రేక్ ఆయిల్ సీలు తీయని డబ్బానే కొనండి, ఎప్పుడో తెరిచి మూలన పెట్టిన డబ్బాలోది పోయనివ్వకండి. రెండేళ్లకొకసారి మొత్తం తీసి కొత్తది పోసి, నాలుగు చక్రాల దగ్గరా పైపుల్లోని ఎయిర్ తీయించడానికి అయ్యే ఖర్చు ఒక ట్యాంకు డీజిల్ కంటే తక్కువే.

దసరా సెలవులకు ఇక్కడి నుంచి మన ఊళ్లకు, తిరుపతికి బండ్లు వరసకట్టి పోతాయి. ఈ ఉత్తరాన్ని ఆలోపే వేయగలరని కోరుతున్నాను.

– ఒక మెకానిక్, కె.ఆర్.పురం, బెంగళూరు