మన కాలనీ సంక్షేమ సంఘం, తిరుపతి: 2024-25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ఏడాది పనుల నివేదిక చదవాలన్నది మన నియమావళి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. వీధి దీపాలు, కాలువల పూడికతీత, వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పట్లాగే జరిగాయి. ముగ్గుల పోటీ భారమంతా మోసిన మహిళా విభాగానికి, ఎండాకాలమంతా పార్కు మొక్కలకు నీళ్లు పోసిన పెద్దలకు, చవితి పందిరికి కరెంటు ఇచ్చిన మూల ఇంటివారికి సంఘం తరఫున ధన్యవాదాలు.

ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఓటరు సాయం పనికే కేటాయిస్తున్నాను. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయ్యాక తొలి ఎన్నిక 2021 మార్చి 10న జరిగింది. అన్నేళ్లు మన వీధికి కార్పొరేటరే లేడు. అప్పుడు ఏర్పడిన కౌన్సిల్ ఐదేళ్ల గడువు 2026 మార్చి దాకానే. అసెంబ్లీ ఎన్నికలంటే ఇల్లంతా కదిలే మనం, కాలువ, కుళాయి, చెత్తబండి చూసే మనిషిని ఎన్నుకునే రోజున సెలవు దొరికిందని ఊరెళ్లిపోతున్నాం. కార్యవర్గం ఈ పని నెత్తికెత్తుకున్నది అందుకే.

2024 మే 13న అసెంబ్లీ, లోక్‌సభ పోలింగ్ జరిగింది. 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతానికి తక్కువ కాకుండా వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కల్పించారు. 12డి ఫారం నింపి బీఎల్‌ఓకు (బూత్ స్థాయి అధికారికి) ఇస్తే, సిబ్బంది వీడియో కెమెరాతో సహా ఇంటికొచ్చి ఓటు వేయించుకున్నారు. మన కాలనీ పెద్దలు కొందరు అలాగే వేశారు. మంచంలో దిండుకు ఆనుకుని, మధ్యలో అట్టపెట్టె అడ్డం పెట్టించుకుని ఓటేసిన అవ్వ ముఖంలో సంతోషం మా వాలంటీర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. కార్పొరేషన్ ఎన్నికకూ అధికారులు ఇంటికే వస్తారని చాలామంది నిశ్చింతగా ఉండిపోయారు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు జరిపేది భారత ఎన్నికల సంఘం. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. రెండూ వేర్వేరు, నియమాలూ వేర్వేరు. 2021 స్థానిక ఎన్నికల్లో ఇంటి దగ్గర ఓటు లేదు. కాబట్టి పెద్దవాళ్లను బూతు దాకా తీసుకెళ్లే ఏర్పాటు మనమే చేసుకోవాలి. చూపు లేనివాళ్లు, తమంతట తాము ఓటు వేయలేనివాళ్లు తోడుగా ఒకరిని వెంట తీసుకెళ్లవచ్చు. ఆ తోడు మనిషికి 18 ఏళ్లు నిండి ఉండాలి, ఒకే మనిషి ఒక్క ఓటరుకు మించి తోడు వెళ్లకూడదు.

పోస్టు ఓటు గురించి సభ్యులు అడిగినన్ని ప్రశ్నలు ఇంకే విషయంలోనూ రాలేదు. ఒక సభ్యురాలి కొడుకు అమెరికాలో ఒరెగాన్‌లో ఉంటాడు. అక్కడ ఓటర్లందరికీ బ్యాలెట్ ఇంటికే పోస్టులో వస్తుందట, మనకెందుకు రాదని ఆమె అడిగారు. ఒరెగాన్‌లో అలాగే వస్తుంది, నిజమే. మన దగ్గర స్థానిక ఎన్నికల్లో మామూలు ఓటరు బూతుకు వచ్చి వేయాల్సిందే. బెంగళూరులో, చెన్నైలో ఉద్యోగాలు చేసే పిల్లలైనా సరే, ఇక్కడ ఓటు ఉంటే ఇక్కడికి రావాలి. పోస్టల్ బ్యాలెట్ దక్కేది ముఖ్యంగా ఎన్నికల డ్యూటీలో ఉన్నవాళ్లకు. మన కాలనీలో టీచర్లు, పోలీసులు చాలామందే ఉన్నారు కాబట్టి ఇది వాళ్లు జాగ్రత్తగా వినాలి. డ్యూటీ ఆర్డరు చేతికి రాగానే దాని కాపీ జతచేసి, మీ ఓటు ఉన్న డివిజన్ (కార్పొరేషన్ వార్డు) రిటర్నింగ్ అధికారికి దరఖాస్తు పెట్టాలి. బ్యాలెట్ వచ్చాక ఓటు గుర్తు పెట్టి చిన్న కవరులో మూసేయాలి. బ్యాలెట్‌తో పాటు వచ్చే డిక్లరేషన్ పత్రం మీద మీ సంతకంతో పాటు అధికారి ధ్రువీకరణ ఉండాలి. ఆ డిక్లరేషన్‌ను బ్యాలెట్ ఉన్న కవరులో పెట్టకూడదు. చిన్న కవరు, డిక్లరేషన్ రెండూ విడివిడిగా పెద్ద కవరులోకి వెళ్లాలి. పెద్ద కవరు విప్పగానే డిక్లరేషన్ కనపడకపోతే లోపలి కవరు తెరవకుండానే పక్కన పెట్టేస్తారు. లెక్కింపు మొదలయ్యేలోపు కవరు చేరకపోయినా అంతే. పిల్లలకు కవర్ల మీద అడ్రసు రాయడం నేర్పే టీచర్ల ఓట్లే ఇలా పోతుంటే బాధగా ఉంటుంది.

ఓటర్ల జాబితా సవరణ శిబిరాన్ని 2024 అక్టోబరు 29న ముసాయిదా జాబితా వచ్చాక పెట్టాం. అభ్యంతరాలకు నవంబరు 28 దాకా గడువిచ్చారు. తుది జాబితా 2025 జనవరి 6న వచ్చింది. కార్పొరేషన్ ఎన్నికకు వేరే జాబితా ఏదో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసెంబ్లీ జాబితానే డివిజన్ల వారీగా విడగొట్టి వాడతారు. అందులో పేరు లేకపోతే డివిజన్ జాబితాలోనూ ఉండదు. కొత్తగా పేరు చేర్చాలంటే ఫారం 6. ఇల్లు మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా ఫారం 8. వేరే నియోజకవర్గం నుంచి వచ్చినా 2022 ఆగస్టు నుంచి ఫారం 8 సరిపోతుంది. చనిపోయినవాళ్ల పేరు తీయించడానికి ఫారం 7. 18 నిండటానికి ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఇంటర్ చదివే పిల్లలు 17 నిండగానే ముందస్తుగా దరఖాస్తు పెట్టవచ్చు. సందేహాలుంటే 1950కి ఫోన్ చేయవచ్చు.

శిబిరంలో తలనొప్పి తెచ్చినవి రెండు. మొదటిది ఊరి ఓటు. పాకాల దగ్గరో, పుత్తూరు దగ్గరో సొంత ఊళ్లో ఓటు అలాగే ఉంచుకుని, ఇక్కడ కూడా చేర్చమన్నవాళ్లు తక్కువేం కాదు. ఊళ్లో మేనమామ సర్పంచిగా నిలబడతాడు, ఆ ఓటు ఎలా వదులుకుంటామన్నారు. ఆ మమకారం నాకు అర్థమవుతుంది. కానీ రెండు చోట్ల ఓటు ఉండటం చట్టవిరుద్ధం, తప్పుడు డిక్లరేషన్ ఇస్తే జైలు శిక్ష కూడా ఉంది. ఎక్కడ నివసిస్తున్నారో అక్కడే ఓటు. రెండోది సరిహద్దు. అవిలాల, పేరూరు, తిరుచానూరు వైపు ఇళ్లు కట్టుకున్న మన పాత సభ్యులు తిరుపతిలోనే ఉన్నామంటారు. వాళ్లది తిరుపతి రూరల్ మండలం, చంద్రగిరి నియోజకవర్గం. వాళ్లు వార్డు సభ్యుడికి, సర్పంచికి ఒకసారి, ఎంపీటీసీ, జెడ్పీటీసీలకు ఇంకోసారి ఓటేయాలి. 2021లో పంచాయతీ పోలింగ్ ఫిబ్రవరిలో, పరిషత్ పోలింగ్ ఏప్రిల్ 8న జరిగాయి. మనం వేసేది కార్పొరేటరుకు ఒక్క ఓటే. మేయరును కౌన్సిలే ఎన్నుకుంటుంది.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోవాల్సింది జనవరి 25న, జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు, కమ్యూనిటీ హాల్లో జరిపిన నమూనా పోలింగ్. 2021లో మన దగ్గర బ్యాలెట్ పెట్టెలే వాడారు. ఈవీఎం బటన్‌కు అలవాటుపడిన వేళ్లకు రబ్బరు ముద్ర కొత్తగా ఉంటుందని ఇది తలపెట్టాం. ఫ్రిజ్ అట్టపెట్టెతో ఓటింగ్ కంపార్ట్‌మెంట్, బెండకాయ, సొరకాయ, దోసకాయ గుర్తులతో బ్యాలెట్, స్టాంపు ప్యాడ్, సిరా అన్నీ సిద్ధం చేశారు మన డిగ్రీ పిల్లలు. ఒక విశ్రాంత బ్యాంకు అధికారి ముద్ర చక్కగా వేసి, చెయ్యి అలవాటు కొద్దీ పక్కన పొట్టి సంతకం పెట్టారు. ఓటరెవరో తెలిసే గుర్తు ఏదున్నా ఆ ఓటు చెల్లదని అక్కడే అందరికీ చూపించాం. ఇంకొకరు రెండు గుర్తుల మధ్య గీత మీద వేశారు. ఎవరికి వేశారో తేలకపోతే అదీ పోయినట్టే. కొందరు సిరా ఆరకముందే అడ్డంగా మడిచారు, బెండకాయ మీద ముద్ర దోసకాయ మీదా అంటుకుంది. ముందు నిలువుగా మడిచి, తర్వాత అడ్డంగా మడవాలి. అసలు ముద్రలో బాణాల వంపును బట్టి, ఏది వేసిన ముద్రో ఏది అంటుకున్న మరకో లెక్కింపులో పోల్చవచ్చని మన విశ్రాంత హెడ్మాస్టరు గారు రెండు కాగితాలు పక్కపక్కన పట్టుకుని చూపించారు. చివరి వరుస వాళ్లు కూడా లేచొచ్చి చూశారు. మీ పేరుతో ఎవరో ముందే ఓటు వేసేసి ఉంటే వెనక్కి రాకుండా టెండర్ ఓటు (అలాంటివాళ్లకు విడిగా ఇచ్చే బ్యాలెట్) అడగాలని, ఓటరు స్లిప్పు ఒక్కటే గుర్తింపుగా చాలదని, ఓటరు కార్డో ఆధారో చేతిలో ఉండాలని కూడా ఆ రోజు చెప్పాం. హెడ్మాస్టరు గారికి, పిల్లలకు, అందరికీ పులిహోర చేసి పంపిన అక్కలకు కార్యవర్గం రుణపడి ఉంటుంది.

ఇక చెప్పక తప్పని మాట. ఇంటింటి పరిశీలనకు పేర్లిచ్చిన వాలంటీర్లలో సగానికి సగం మంది రెండో వారం నుంచి కనపడలేదు. వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టినంత మాత్రాన ఫారాలు నిండవు. సంబంధిత అధికారి ఒకరు శిబిరానికి వస్తానని చెప్పి రాలేదు, ఫోనూ ఎత్తలేదు. పెద్దలు ఎండలో కూర్చుని వెనుదిరిగారు. వచ్చిన బీఎల్‌ఓ అమ్మ మాత్రం తన పిల్లను వెంటబెట్టుకుని సాయంత్రం దాకా పనిచేసింది. ఆమెకు ప్రత్యేక ధన్యవాదాలు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, వాటి కాపీ నోటీసు బోర్డులో ఉంది. శిబిరం ఖర్చు చందాలతోనే గడిచింది. బాకీ ఉన్న సభ్యత్వ రుసుములు కోశాధికారి గారికి చెల్లించగలరు.

వచ్చే ఏడాది డివిజన్ ముసాయిదా జాబితా బయటపెట్టిన రోజే ప్రతి వీధికీ ఇద్దరు వెళ్లి పేర్లు సరిచూడాలని కార్యవర్గం తీర్మానించింది. ఒకే ఇంట్లో వాళ్లు రెండు డివిజన్లలో పడే అవకాశం ఉంది కాబట్టి ఇంటి నంబరు, బూతు కూడా చూడాలి. పోలింగ్ రోజు పెద్దల కోసం ఆటోలు, చక్రాల కుర్చీలు రెండు కావాలి. రాగలిగినవాళ్లే, వస్తామన్న రోజున వచ్చేవాళ్లే, హాలు తలుపు దగ్గర పుస్తకంలో పేరు, వీధి రాసి వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి