ఈ ఆదివారం సెలవు: వాకింగ్ గ్రూపు సభ్యులకు

అందరికీ నమస్కారమండీ. ఈ ఆదివారం కైలాసగిరి మెట్లు లేవు, ఆర్కే బీచ్ పరుగూ లేదు. కాళీమాత గుడి దగ్గరకొచ్చి ఎవరూ ఎదురుచూడకండి.

మెట్లెక్కిన రోజు కన్నా మర్నాడు, ఆ మర్నాడు పిక్కలు, తొడలు ఎక్కువ పట్టేస్తాయి. దిగేటప్పుడు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి కదా, అందుకే లోపల సన్నటి చిరుగులు పడతాయి. అవి మానేది, కండ గట్టిపడేది విశ్రాంతిలోనే. నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య బాగా తెలుస్తుంది. కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించాల్సి వస్తోందంటే ఆ రోజు మెట్ల జోలికి పోవద్దు, చదును నేల మీద నెమ్మదిగా నడవండి చాలు. మోకాలి కీలులోనే పోటు, వాపు ఉంటే అది వేరే సంగతి. డాక్టరుకి చూపించాల్సిందే.

నిద్ర 7 గంటలకు తగ్గనివ్వకండి. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసి, ఐదింటికే షూ వేసుకోవడం ఏం ఆరోగ్యమో నాకైతే అర్థం కాదు! పైగా మన ఊరి ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు త్వరగా చల్లబడదు.

సింహాచలం గిరి ప్రదక్షిణకు వచ్చేవాళ్లకి ఇంకో మాట. 32 కిలోమీటర్లు కాబట్టి ముందు వారం నడక సగానికి తగ్గించండి. సోమవారం మామూలు టైముకే కలుద్దాం.