భరించింది కాదు, బాకీ పడింది

ఎడిటర్ గారికి,

రెండో ప్రపంచయుద్ధంలో భారత సైన్యం ఖర్చు గురించి మొన్న మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. అదనపు ఖర్చు బ్రిటనే భరించిందని అందులో ఒక్క ముక్కలో తేల్చేశారు. ముప్పై ఏళ్లు మిలిటరీ అకౌంట్స్‌లో ఆడిట్ చేసి రిటైరైనవాణ్ణి, ఆ ముక్క చూసి ఊరుకోలేకపోయాను.

1939 నవంబర్‌లో ఈ ఖర్చుల పంపకం మీద బ్రిటన్‌కీ, ఇక్కడి ప్రభుత్వానికీ కుదిరిన ఒప్పందం పైకి మనకి లాభంగానే కనిపిస్తుంది. శాంతికాలంలో సైన్యానికయ్యే మామూలు ఖర్చు ఏటా 36.77 కోట్ల రూపాయలని లెక్కగట్టారు. అదీ, ధరలు పెరిగితే ఆ తేడా, అచ్చంగా మన రక్షణ కోసమే చేసే యుద్ధ ఏర్పాట్లూ మన పద్దు. దేశం దాటిన మన దళాల కోసం మరో కోటి. మిగతాదంతా వాళ్ల పద్దు. 1868లో అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మీద బ్రిటన్ చేసిన దండయాత్రకి వెళ్లిన మన సిపాయిల మామూలు జీతాలు కూడా మన ఖజానాయే కట్టింది కాబట్టి, దానితో చూస్తే ఇది చాలా నయం.

అయితే ఆడిటర్‌కి వాటాలు తెలిస్తే సరిపోదు. సొమ్ము ఎక్కడ, ఎప్పుడు చేతికొచ్చిందో కావాలి. బ్రిటన్ తన వాటాని లండన్‌లో పౌండ్లుగా రిజర్వ్ బ్యాంక్ పేర జమ చేసేది. ధాన్యం, బట్ట, బూట్లు మాత్రం ఇక్కడ రూపాయలిచ్చి కొనాల్సిందే. ఆ పౌండ్లని చూపించి రిజర్వ్ బ్యాంక్ నోట్లు వేసేది. యుద్ధం మొదట్లో చలామణిలో ఉన్న నోట్లు సుమారు 180 కోట్ల రూపాయలు, ముగిసేసరికి 1,100 కోట్లు దాటాయి. సరుకేమో సైన్యానికి పోయింది, దాంతో ధరలు ఎగబాకాయి.

మా నాన్నగారి ట్రంకుపెట్టెలో 1943 నాటి కానీ (పావు అణా నాణెం) ఒకటుంది. మధ్యలో వేలి కొస పట్టేంత చిల్లు. లోహం పొదుపు చేయడానికి అలా పోశారు. అమ్మ దాన్ని మొలతాడుకి కట్టేదట, కొనడానికి పనికిరాకపోయాక. ఆ ఏడాదే బెంగాల్‌లో లక్షల మంది తిండిలేక చనిపోయారు. ఆ కరువుకి కారణాలు అనేకం, అంతా నోట్ల మీదకే నెట్టను. అయినా ధరలు అలా ఎగబాకితే కూలి డబ్బుతో బతికేవాడే ముందు పోతాడు. బ్రిటన్ "భరించిన" ఖర్చులో ఆ రోజు తిండి మానేసింది ఎవరో చూడండి.

లండన్‌లో జమైంది చివరికి సుమారు 130 కోట్ల పౌండ్లు. యుద్ధం నడుస్తుండగానే చర్చిల్, మిమ్మల్ని కాపాడినందుకు మాకూ ఎదురు లెక్క ఉంటుందని పేచీ పెట్టాడు. ఆ లెక్క నెగ్గలేదు కానీ, సొమ్ము మనం అడగ్గానే వాడుకునే వీలూ లేకపోయింది, విడతలవారీగానే వదిలారు. 1948 జులైలో, వాళ్లు వదిలివెళ్లిన మిలిటరీ సామాను, కట్టడాల ఖరీదని 10 కోట్ల పౌండ్లు అందులోంచే మినహాయించారు.

కాబట్టి "భరించింది" అన్న చోట "బాకీ పడింది" అని సవరణ వేయగలరు.

– ఒక రిటైర్డ్ ఆడిటర్, విశాఖపట్నం