ఆడించే ముందు బీమా చేయించండి

సంపాదకుల వారికి,

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మొన్న బడి కబడ్డీ పోటీలో మా అబ్బాయి మణికట్టు విరిగింది. దెబ్బలు తగిలితే పూచీ మాదేనని ముందే మాచేత సంతకం పెట్టించుకున్నారు. బీమా మాట ఎవరూ ఎత్తలేదు. ఆయుష్మాన్ కార్డు మీద కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు వైద్యం ఉంది, నిజమే. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరితేనే. ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, కట్టు కట్టి ఇంటికి పంపేస్తే చాలావరకు ఖర్చు మనదే. ఆటల్లో పిల్లలకు తగిలేవి ఎక్కువగా ఇలాంటి దెబ్బలే కదా! బరంపురం పెద్దాసుపత్రికి తిరిగితే బస్సు ఛార్జీలు, పోయిన కూలి అదనం.

జట్టులో పేరు రాసుకునేటప్పుడే, ఇలాంటి ఖర్చు కూడా వచ్చే ప్రమాద బీమా పిల్లలందరికీ కలిపి బడే చేయించాలి. ఆ బీమా కాగితం ఒడియాతో పాటు తెలుగులోనూ ఇవ్వాలి. కట్టు విప్పగానే మళ్లీ ఆడతానంటున్నాడు మావాడు. వద్దనడానికి నాకు నోరు రావడం లేదు.

— ఒక తల్లి, పర్లాకిమిడి